వేళ్ల సందుల్లో తడి

అమలాపురం,
మార్గశిరం, గురువారం పొద్దున్న

చిట్టితల్లీ,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు చెప్పింది ఇంకా నా చెవిలోనే ఉంది. విలేజ్ క్లినిక్కులో చేరి మూడు వారాలైనా కాలేదు, ఆ పెద్దావిడెవరో కుచ్చిళ్ల కింద దాచుకున్న కాలు నీ ఎదురుగా బల్ల మీద పెట్టేసరికి వాసనకి కడుపులో తిప్పిందనీ, తెలియకుండానే మొహం పక్కకి పెట్టేశాననీ, ఆవిడ అది చూసి "పర్లేదమ్మా, అందరూ అంతే" అని చీర కిందికి లాక్కుందనీ చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడకుండా ఊరుకున్నావు. నీ ఊపిరి వినిపిస్తూనే ఉంది. నాకు ఆ సమయానికి ఒక్క మంచిమాట నోటికి రాక, భోంచేశావా అని అడిగి పెట్టేశాను. అప్పుడు రాని ఆ మాట కోసం రెండు రోజుల్నుంచీ ఆలోచిస్తూ, ఇవాళ పొద్దున్నే కాగితం ముందు కూర్చున్నాను. ఆవిణ్ని మళ్లీ రమ్మన్నావా అని నేను అడగలేదు, అనే ఉంటావు, నిన్ను నేనెరగనా.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. మా అమ్మది కూడా బోదకాలే, ఎడమ కాలు. హాల్లో గోడకున్న ఫొటోలో మీ తాతమ్మ అరుగు మీద కూర్చుని కాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఉంటుంది చూడు, అది ఫొటో తీసినతను సర్దింది కాదు, ఆవిడే సర్దుకుంది. పెళ్లిళ్లకి వెళ్తే పందిట్లోకి రాకుండా వంటవాళ్ల దగ్గర పీట వేసుకుని కూరలు తరుగుతూ కూర్చునేది, పనిమంతురాలని అందరూ మెచ్చుకునేవాళ్లు, ఆవిడ అక్కడెందుకు కూర్చుందో ఎవరూ అడిగేవారు కాదు. స్నానం తెల్లవారుజామున చీకట్లోనే కానిచ్చేసేది. కొడుకుని, ఇరవై రెండేళ్లు ఆ ఇంట్లో పెరిగాను, మా అమ్మ పాదం నేను సరిగ్గా చూసింది ఒక్కసారే, అది కూడా ఆవిడ జ్వరంలో ఒళ్లు తెలియకుండా పడి ఉన్నప్పుడు. ఏడాదికి మూడు నాలుగుసార్లు అలా వచ్చేది, గజ్జల్లో బిళ్ళ కట్టేది, పళ్లు టకటకలాడేలా చలి పుట్టేది, కాలు ఎర్రగా కాలిపోయేది, ఎవరో చెప్పారని ఆకు పసరు కట్టి కాపడం పెట్టేవాళ్లం. ఆ జ్వరం తగ్గిన ప్రతిసారీ కాలు మునుపటికన్నా కాస్త లావై మిగిలేది.

1974లో ఫైలేరియా యూనిట్లో ఉద్యోగం వచ్చినప్పుడు, రాజమండ్రిలో శిక్షణకి వెళ్తూ, మా అమ్మ కాలు నేనే నయం చేస్తాననుకున్నాను. అక్కడ చాలా నేర్పారు, శ్రద్ధగా నేర్పారు. ఉకెరేరియా అనే దారంలాంటి పురుగు లింఫు నాళాల్లో కాపురం పెట్టి అయిదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే బతుకుతుందనీ, దాని పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, మురుగునీటి దోమ కుట్టే వేళకి సరిగ్గా రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా ఒంటి మీది రక్తంలోకి వస్తాయనీ అక్కడే తెలిసింది. దోమ ఒంట్లో మనిషి జబ్బు పెరుగుతుందన్న సంగతి మొదట బయటపడింది కూడా ఈ పురుగుతోనే, 1877లో చైనాలో అమోయ్ అనే రేవు ఊళ్లో మాన్సన్ అనే డాక్టరు కనిపెట్టాడు. మన సికింద్రాబాదులో రాస్ దొర మలేరియాకి దోమే కారణమని తేల్చింది దానికి సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత.

అందుకే మా ఉద్యోగం రాత్రి ఉద్యోగం. లాంతరు, స్లైడుల పెట్టె, స్పిరిట్ సీసా పట్టుకుని గుమ్మం గుమ్మం తట్టి, నిద్రలో ఉన్నవాళ్లని లేపి, వేలు గుచ్చి ఇరవై క్యూబిక్ మిల్లీమీటర్ల రక్తం గాజు పలక మీద పూసి ఆరబెట్టేవాళ్లం. చంటిపిల్లలు బెదిరిపోయేవాళ్లు. నేను గుచ్చే ముందు వాళ్ల వేలు నా పిడికిట్లో పెట్టుకుని కాసేపు వెచ్చబెట్టేవాణ్ని, రక్తం బాగా వస్తుందని నాతో వచ్చిన కుర్రాళ్లకి చెప్పేవాణ్ని గానీ, నిజానికి ఆ పిల్ల ముందు నా చెయ్యికి అలవాటు పడాలని. నువ్వు కూడా సూది పట్టుకునే ముందు అలా ఒక్క క్షణం ఆగు తల్లీ.

ఇన్ని నేర్చుకున్నా, ఉద్యోగంలో మొదటి పాతిక ముప్ఫయ్యేళ్లలో నేను పురుగులు లెక్కపెట్టాను, దోమల లార్వాలు లెక్కపెట్టాను, కాలువల్లో మందు కొట్టించాను, వాచిన కాలుని సబ్బుతో కడగాలన్న సంగతి మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు, నాకు నేనుగా తట్టలేదు. ఇంటికి పురుగుని చంపే డీఈసీ బిళ్ళలు తెచ్చి మా అమ్మకి వేశాను. పురుగు చచ్చి ఉంటుంది. కాలు తగ్గలేదు. పురుగు పోయినా అది పాడుచేసిన నాళాలు మళ్లీ మొలవవని ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడం చేతకాక, ఇంకో మోతాదు వేస్తే తగ్గుతుందిలే అని అబద్ధమాడాను. 1988లో పోయింది. ఆ కాలు నేనొక్కసారి కూడా రెండు చేతుల్లోకి తీసుకోలేదు.

అందుకని చెప్తున్నాను, ఆ పెద్దావిడ మళ్లీ వచ్చినప్పుడు నువ్వు మందుల బీరువా దగ్గరికి వెళ్లకముందు ఒక టబ్బులో మామూలు చల్లనీళ్లు పెట్టు. వేణ్నీళ్లు వద్దు. రోజూ ఒంటికి రుద్దుకునే సబ్బు చాలు. నువ్వే కింద పీట మీద కూర్చుని, ఆవిడ పాదం చేతిలోకి తీసుకో. అది అంటుకునే జబ్బు కాదని నీకు తెలుసు, ఆవిడకి తెలియదు, ఆవిడ వీధివాళ్లకి అసలే తెలియదు, నీ చెయ్యి చూస్తేనే వాళ్లకి తెలుస్తుంది. మడతలు విప్పి మడతల్లోపల మెల్లగా కడుగు, బ్రష్షులు, పీచులు పెట్టి రుద్దకు. అన్నిటికన్నా ముఖ్యం తుడవడం. వేళ్ల సందుల్లో తడి మిగిలితే అక్కడ చర్మం పాసిపోయి చీలుతుంది, ఆ చీలికలోంచే సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి, మా అమ్మకి వచ్చిన ఆ చలిజ్వరాలన్నీ ఆ దారినే వచ్చాయి, పురుగు వల్ల కాదు. మెత్తటి పాత గుడ్డ వేళ్ల మధ్యకి పోనిచ్చి, రుద్దకుండా అద్ది, పూర్తిగా ఆరాక చీలికల్లో ఫంగస్ మందు రాయి. నిన్ను భయపెట్టిన ఆ వాసన క్రిములదీ తడిదీనమ్మా, ఆవిడది కాదు. నాలుగైదు రోజులు వరసగా కడిగి ఆరబెడితే ఎంత తేడా వస్తుందో నీకే తెలుస్తుంది. పదో రోజుకల్లా కడగడం ఆవిడ చేతే చేయించు, వంగలేకపోతే కోడల్నో మనవణ్నో పిలిపించి నేర్పు. ప్రభుత్వం ఇచ్చే టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉన్న కిట్టు మీ పీహెచ్‌సీలో ఉందేమో అడుగు, ఆ టబ్బులో ధాన్యం పోసుకోకుండా చూడమని ఆశా కార్యకర్తకి చెప్పు.

నువ్వు ఈ పని నా దగ్గర నేర్చుకోనక్కర్లేదు, నీకు తొమ్మిదేళ్లప్పుడే వచ్చు.

మీ మామ్మకి 2009లో రొమ్ము ఆపరేషన్ అయింది, చంకలో గ్రంథులు కూడా తీసేశారు. ప్రాణం దక్కిందన్న సంతోషంలో మేం ఇంకేమీ అడగలేదు, చెయ్యి వాచవచ్చని ఆ ఆసుపత్రిలో మాకు ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు బాగానే ఉంది. ఆ తర్వాత ఒక చలికాలం ఎడమచేతి గాజులు బిగుసుకుంటున్నాయంది. సబ్బు రాసి తియ్యి అన్నాను. జాకెట్టు చెయ్యి పట్టేస్తోందని దర్జీ చేత కుట్లు విప్పించుకుంది. సాయంత్రమయ్యేసరికి చెయ్యి బరువెక్కి గుంజుతోందంటే, బావి దగ్గర నీళ్లు తోడకు అన్నాను. ముప్ఫయ్యారేళ్లు ఊళ్లవాళ్ల వాపులు చూసి జీతం తీసుకున్నవాణ్ని, నా ఇంట్లో వాపు నా కళ్ల ముందే గాజుల మాటల్లో, జాకెట్టు మాటల్లో వచ్చి చెప్తుంటే వినలేదు. వాపు మొదట్లో అలాగే మాట్లాడుతుంది చిట్టీ. నాకు లింఫెడీమా వచ్చిందండీ అని ఎవరూ రారు. ఉంగరం తిరగడం లేదంటారు, ఒక కాలి చెప్పే కరుస్తోందంటారు, మెట్టెలు తీయించుకున్నామంటారు, పొద్దున తగ్గి సాయంత్రానికి వస్తుందంటారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుంది, నెలల్లో రావచ్చు, ఏళ్ల తర్వాత రావచ్చు. మీ ఊళ్లో అలాంటివాళ్లెవరున్నారో కనుక్కుని, రెండు చేతులూ ఒకే చోట్ల టేపుతో కొలిచి పుస్తకంలో రాసిపెట్టుకో, రెండు సెంటీమీటర్లు తేడా వస్తే ఆగకుండా పంపించు.

కత్తిపీట కాస్త గీసుకున్న రాత్రి మీ మామ్మకి మా అమ్మకి వచ్చినట్టే జ్వరం వచ్చింది, చెయ్యి భుజం దాకా ఎర్రబడింది. అప్పుడు పరిగెత్తాను. యాంటీబయాటిక్‌తో అది తగ్గాక కాకినాడలో ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి కట్టు కట్టడం నేర్పింది, ఆ పిల్ల ఓర్పు నేను ఈ జన్మకి మర్చిపోను. ఎక్కువ సాగని గుడ్డతో, పొద్దున్నే, వాపు తక్కువగా ఉన్నప్పుడే, వేళ్ల దగ్గర కాస్త బిగువుగా మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ వదులు చేసుకుంటూ కట్టాలి. కట్టాక చెయ్యి ఊరికే పెట్టుకోకూడదు, పిడికిలి మూసి తెరవాలి, మోచెయ్యి ఆడించాలి.

ఆ వేసవి సెలవుల్లో నువ్వొచ్చావు. రాత్రి విప్పిన కట్టుగుడ్డ ఉతికి ఆరేస్తే, ఎవరూ చెప్పకుండానే నువ్వు దాని కొస పట్టుకుని అరుగు ఈ చివర కూర్చుని, రెండో కొస నన్ను పట్టుకోమని, ముడతల్లేకుండా బొంగరానికి తాడు చుట్టినంత శ్రద్ధగా చుట్టేదానివి. ఒకరోజు మామ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని కొబ్బరినూనె రాస్తూ ఇది ఎందుకు లావెక్కిందని అడిగావు. నిన్ను చేలగట్టుకి తీసికెళ్లాను, గుర్తుందా? ఇటు పంటకాలువ, అటు మురుక్కాలవ. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర పేరిట ఉన్న ఆనకట్ట నీళ్లు పంటకాలువల్లో చేనంతా పారుతాయి, మిగులు నీరు మురుక్కాలవలోకి దిగితేనే చేను బతుకుతుంది, ఆ కాలవకి గుర్రపుడెక్క అడ్డం పడితే ఎంత పంటకాలువ ఉన్నా చేను ఊబి అయి కూర్చుంటుంది అన్నాను. గుండె తోసిన రక్తంలోంచి కణాల మధ్యకి ఊరిన నీరు, రోజుకి రెండు మూడు లీటర్ల దాకా, లింఫు నాళాల దారినే వెనక్కి వచ్చి మెడ దగ్గర సిరల్లో కలవాలి. పురుగు కూర్చున్నా, ఆపరేషన్లో గ్రంథులు తీసేసినా, అరుదుగా కొందరికి పుట్టుకతోనే నాళాలు సరిగ్గా లేకపోయినా, నీరు నిలిచిపోతుంది. ఆ కాలవకి గుండెలాంటి పంపు లేదు, కండరాలు కదిలితే, ఊపిరి బాగా తీస్తే నీరు బాగా పారుతుంది. అంతా విని నువ్వు, "అయితే మామ్మ చేత రోజూ చప్పట్లు కొట్టిద్దాం తాతయ్యా" అన్నావు. ఆ నెలంతా మీ ఇద్దరి చప్పట్లు వీధి చివరి దాకా వినిపించేవి. తల్లీ, ఆ పిల్ల ఇప్పుడు మొహం పక్కకి పెట్టానని కుమిలిపోతోంది.

ఇక నాకు దిగులు పుట్టించే సంగతులు రాస్తాను, ఇవి నువ్వు చదువుకున్నవే, అయినా రాస్తేగానీ నాకు నిద్రపట్టదు. వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు. రెండు కాళ్లూ ఒకేలా వాచి వేలితో నొక్కితే గుంట పడుతుంటే గుండె, కిడ్నీలు, కాలేయం చూపించు, బీపీకి అమ్లోడిపిన్ వాడుతున్నారేమో అడుగు. గర్భిణికి వాపుతోపాటు తలనొప్పి, కళ్లు మసకలు అంటే వెంటనే బీపీ చూడు. ఒక్క పిక్క హఠాత్తుగా వాచి నొప్పెడుతుంటే, అందులోనూ కాన్పయ్యాకో, ఆపరేషన్ అయ్యాకో, ఎన్నాళ్లో మంచాన పడి ఉన్నాకో అయితే, లోపల రక్తం గడ్డకట్టిందేమో, పిసకొద్దు, కట్టు వద్దు, 108 పిలువు. కాలి రెండో వేలి మొదట్లో చర్మం రెండు వేళ్లతో పట్టి ఎత్తి చూడు, మడత రాకుండా దిట్టంగా ఉంటే అది లింఫు వాపే, కానీ మొదట్లో మడత వస్తుంది, వచ్చింది కదా అని వదిలెయ్యకు. చలిజ్వరం మీద ఉన్నవాళ్లకి కట్టూ వ్యాయామం రెండూ ఆపి, కాలు ఎత్తులో పెట్టించి, చల్లటి తడిగుడ్డ వేయించి డాక్టరు దగ్గరికి పంపు, కాపడం, పసర్లు, బ్లేడు గాట్లు దగ్గరికి రానివ్వకు. నీరు పోయే బిళ్ళలు ఈ వాపుకి పనిచెయ్యవు, మెడికల్ షాపులో కొని మింగేవాళ్లుంటారు, కోప్పడకుండా చెప్పు. షుగరు ఉండి కాలివేళ్లు చల్లగా ఉన్నవాళ్లకి డాక్టరు చూడకుండా బిగువు కట్టు కట్టకు. బోదకాలు ఉన్నవాళ్ల మంచానికి కాళ్ల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టించు, కూర్చున్నప్పుడు మడమ పైకీ కిందికీ ఆడించమను.

మగవాళ్లు నీకు చెప్పరు. పంచె మార్చి మార్చి కట్టుకుంటూ, సైకిలు తొక్కడం మానేసి, పనికి పోవడం మానేసి తిరుగుతారు. ఇదే పురుగు తెచ్చే వరిబీజం అది, దానికి చక్కటి ఆపరేషన్ ఉంది, మళ్లీ మామూలుగా బతుకుతారు. నువ్వు అడగలేకపోతే మీ మేల్ హెల్త్ అసిస్టెంటు చేత అడిగించు, మీ ఊళ్లో ఎవరూ లేరనుకోకు.

డీఈసీ బిళ్ళలు పంచేటప్పుడు ఓపిక పట్టు. 2004లో డీఈసీ మాస్ పంపిణీ మొదలైనప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగాను, జబ్బే లేనివాళ్లం మాకెందుకు అనేవాళ్లు. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, జబ్బుతో మంచం పట్టినవాళ్లకి తప్ప అందరికీ, అన్నం తిన్నాక, నీ ఎదురుగానే మింగించాలి. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి, రక్తంలోని పురుగు పిల్లలు చస్తుంటే వచ్చేది అది. ఆ రాత్రి నువ్వు ఫోన్ ఎత్తితే చాలు, మరుసటి ఏడు వాళ్లే నీ కోసం ఎదురుచూస్తారు. నేను ఒకటే మాట చెప్పేవాణ్ని: ఈ మందు మన గోదారి పిల్లాడు, భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో లెడర్లీ కంపెనీలో తన బృందంతో బయటికి తెచ్చింది అని. 1947లో ఆ మందు వచ్చింది, 1948లో ఆయన పోయారు, యాభై మూడేళ్లకే. ఆ కుర్రాడి ఊరివైపు వాళ్లకి ఆ బిళ్ళలు నా చేతుల మీదుగా పంచినందుకు నాకు ఇప్పటికీ గుండె నిండుగా ఉంటుంది.

ఇంకొకటి, ఆ పెద్దావిడకి బోదకాలు పింఛను వస్తోందో లేదో కనుక్కో, రాకపోతే ఆసుపత్రి సర్టిఫికెట్టు ఎలా తేవాలో నువ్వే దగ్గరుండి చూడు, ఆ కాలితో ఆవిడ ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఆవిడ పేరు అడిగి తెలుసుకున్నావా? మా అమ్మని ఊళ్లో చాలామంది పేరుతో పిలిచేవాళ్లు కాదు, ఏమని పిలిచేవాళ్లో నేను రాయను.

మీ నాన్న చేత పార్సెలు పంపిస్తున్నాను. అందులో సున్నుండలున్నాయి, నువ్వు తిను, ఆశా కార్యకర్తకి కూడా పెట్టు. మీ మామ్మ పాత నూలు చీరలు రెండు చింపి, ఉడకబెట్టి ఆరేసి, అరచెయ్యంత గుడ్డలు చేసి కట్ట కట్టాను, వేళ్ల సందులు తుడవడానికి వాటికన్నా మెత్తనివి దొరకవు. అడుగున ఆవిడ కుట్టుపెట్టెలోని టేపు ఉంది. దాని మీద రెండుచోట్ల సిరాగీతలు ఉంటాయి, పదమూడున్నర అంగుళాల దగ్గరది మేం ఆవిడ చెయ్యి మొదటిసారి కొలిచిన నాటిది, పన్నెండు దగ్గరది మూడేళ్ల తర్వాత ఆవిడే పెట్టుకుని గాజులు వేసుకున్న నాటిది. గీతలు చెరిగిపోకుండా చూసుకో.

నీ
తాతయ్య